లూప్ లైన్: రెండు సీడీలు, ఒక క్యాసెట్

ధర పద్దెనిమిది వందలు.
చేసినవి మొత్తం రెండు వందల డబ్బాలు.
నాకొచ్చింది నూట ముప్పై ఏడోది,
మూత మీద పెన్సిల్‌తోని రాసి ఉన్నది.

సర్వోత్తం, పాత టికెట్ కలెక్టర్,
ముప్పై తొమ్మిదేండ్లు బీరువాల దాచిన టేపుల్ని
కలరా గోలీల వాసనతో సహా బయటికి తీసిండు.
"నువ్వు పాటల మీద రాస్తవు కద, రాయి" అన్నడు.
"మా మీద జాలి మాత్రం పడకు" అన్నడు.

సరే, పడ.

కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్, ఎనభై అయిదు మే నెల.
ఉన్నది ఒక్క మైకు, అది గూడ ఫ్యాన్ కింద.
మెల్విన్ రెండో చరణం మర్చిపోయి
మొదటిదే మళ్ల పాడిండు,
గొంతుల మాత్రం తప్పు చేసిన జాడ లేదు.
యాకూబ్ గిటారు ఆరో తీగ
రాత్రంత అర మెట్టు కిందనే నడిచింది.
ఒక్క పాటను మూడు మార్లు పెట్టిండ్రు.
తేడా ఏందంటే,
మూడోసారికి ఎవరికో దగ్గు తగ్గింది.
సోలో మంచిగ ఎక్కుతుండంగ టేపు అయిపోయింది.
తిప్పి పెట్టేలోపల పోయిన ఆ రెండు నిమిషాలే
అసలైనవని
ఆనాడు అక్కడున్న ప్రతోడు ఒట్టేసి చెప్తడు.

లేనిదాన్ని నేనెట్ల తూచాలె?

నేను లోపల లేను.
గేటు కాడ రైల్వే పాసు అడిగిండ్రు.
మా నాయిన సోమిడిల సైకిల్ పంక్చర్లు ఏసేటోడు.
గోడ అవతల బొగ్గు కుప్ప మీద నిలబడి విన్న,
తెల్లారి నల్లటి పాదాలకు దెబ్బలు తిన్న.
ఇన్నేండ్లు అనుకున్న, లోపలోళ్లకు
ప్రతి మాట తేటగ అందిందని,
గోడ నా ఒక్కనికే అడ్డమొచ్చిందని.
ఈ టేపు లోపలిదే.
గోడ దీంట్ల గూడ ఉన్నది.

ఇగ మొదటి సీడీ, ఆరో ట్రాక్.
పేరు 'కరెంట్ పోయింది'.
ఏడు నిమిషాల పదకొండు సెకండ్లు.
టేప్ రికార్డర్ సెల్లుల మీద నడిచేది, గందుకే ఆగలే.
గిటార్లు సచ్చినయ్. మైకు సచ్చింది.
ఈలలు. అగ్గిపుల్ల గీసిన సప్పుడు.
ఒకామె "నా చెప్పు, నా చెప్పు" అంటున్నది,
ఇంకెవరో నవ్వాపుకోలేకపోతున్నరు.

డ్రమ్ములకు కరెంటుతోని పనేంది?
ఓదెలు, డీజిల్ షెడ్డు ఫిట్టరు,
కొద్దిసేపు నేర్చుకున్న దెబ్బనే కొట్టుకుంట పోయిండు.
మరి చెయ్యి మరిచిందో, చేతికి యాదికొచ్చిందో,
పుల్లలు కిందపడ్డ సప్పుడొక్కటి తేటగ ఉన్నది.
అటెన్క వట్టి చేతులే.
వాళ్ల తాత పీరీల ముందు కొట్టిన దెబ్బ.
చీకట్ల కుర్చీలు జరిగినయ్.
బూట్లు, ఎత్తు మడిమల చెప్పులు, వట్టి కాళ్లు,
అన్నీ ఒక్కతీరుగ పడుతున్నయని
కింద చెక్క చెప్తున్నది.
నడుమ జీటీ ఎక్స్‌ప్రెస్ పోయింది.
ఓదెలు దానికి దారిచ్చిండు,
గార్డు డబ్బా దాటినంక అందుకున్నడు.

కరెంట్ వచ్చింది. అందరు ఓ అని అరిచిండ్రు.
ఓదెలు ఆపేసిండు.
చప్పట్లు లేవు.
"సారీ ఫ్రెండ్స్" అన్నడు మెల్విన్.

ఇరవై నాలుగు పేజీల పుస్తకం డబ్బాల పెట్టిండ్రు.
ఓదెలు ఫోటో ఒక్కటే ఉన్నది,
ఇత్తడి తాళం మొహానికి అడ్డమొచ్చింది.

అయిదింటికి ఎన్ని అని సర్వోత్తం ఫోన్ల అడుగుతున్నడు.
రాసుకో అన్నా:
లూప్ లైన్ పేరు ఎరగనోళ్లు కొనొద్దు.
ఎరిగినోళ్లు ఎట్లాగూ కొన్నరు.
రెండో సీడీ వాళ్లకు గూడ బరువే.

ఆరో ట్రాక్ వినాలంటే మా ఇంటికి రాండ్రి.
డబ్బాల క్యాసెట్ ఉన్నది, నాలుగు సెల్లులు కొన్న.
లైటు బంద్ చేసి పెడత.
చెప్పులు మాత్రం బయట ఇడువుండ్రి,
చీకట్ల పోతయ్.