అట్ట

చిత్తూరు చర్చి వీధిలో
మస్తాను అద్దాల అంగడి.
పాత ఫ్రేము చేతిలో,
చుట్టిన కొత్త పోపుగారు చంకలో,
మా నాయన, ఉపదేశి చిన్నప్ప.

"మా ఇంట్లో పోపంటే ఆవాలే సామీ"
నవ్వుతా మేకులు పీకినాడు మస్తాను.

అట్ట అనుకున్నది అట్ట కాదు,
ముందటి పోపుగారు.
ఆయనెనక ఇంకొకాయన,
చెదలు తిన్న చెయ్యి
ఇంకా దీవిస్తానే ఉంది.
యుద్ధం ఆపండని పెద్ద రాజ్యాల్ని బతిమాలినాయన,
విమానం దిగి పరాయి మట్టిని ముద్దు పెట్టుకున్నాయన,
ఒకరి వీపుకి ఒకరు ఆనుకొని
మా సున్నపుగోడ మీద ఇన్నేళ్లూ.

అట్టడుగున తాత రాత:
"అద్దానికి రెండు రూపాయలు బాకీ."

"పాతవి తీసేద్దునా?"
"ఉండనీలే. కొత్తాయనకి వీపు ఆనించుకోను కావద్దా?"

మేకులు కొట్టి, ఊది, అద్దం తుడిచి
ఆ రెండు రూపాయలూ
అడిగి మరీ తీసుకున్నాడు మస్తాను.