కొసరు

ఆమదాలవలస గేటు పడింది.
గూడ్సు దాటేదాకా మేడగది వణుకుతుంది,
తెరమీద ఎర్ర అక్షరాలు కూడా.

ఐదో వెర్షన్‌లో పరిగెత్తిన ముక్క
ఎనిమిదిలో అడుగు వెయ్యనంటోంది.
ఫంక్షన్లు సగం ఊళ్ళో లేవు,
ఉన్నవి పేర్లు మార్చుకున్నాయి.
పాత పేరుతో కేకేస్తే
ఒక్కటీ పలకదు.

విత్తనాల కొట్టు సైటు.
కుంచాల్ని కిలోలు చేసే చిన్న మాడ్యూలు,
నూట నలభై వరసలు.
రాసిన కూర్మినాయుడు
నరసన్నపేటలో రొయ్యల మేత అమ్ముతున్నాడట.

నాలుగు రాత్రులు,
రెండు సార్లు కరెంటు పోయి,
చివరికి అన్నీ పచ్చబడ్డాయి
ఒక్క లెక్క తప్ప:
ప్రతి కుంచానికీ ఓ గుప్పెడు ఎక్కువొస్తోంది.
చెరపబోయి, ఎందుకో ఆగి, ఫోన్ చేశాను.

"తప్పేటమ్మా?
కుంచం నెత్తి గీసేసి ఇస్తారేటి ఎవులైనా?
గోపురం కట్టాల.
మా అయ్య కొలిసినట్టే రాసినాను.
ఉంచితే ఉంచు, నేకపోతే ఒగ్గీ."

వెనక మేత బస్తాలు దింపుతున్న చప్పుడు.
పెట్టేశాడు.

లెక్క ముట్టుకోలేదు.
పరీక్షనే మార్చాను.
పైన ఒక కామెంటు రాశాను, తెలుగులోనే:
గుప్పెడు తియ్యకండి.

అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి.
ఫాంటు సంగతి రేపు చూడాలి.