వెనక సీటు

మూడు లక్షల నలభై.
"నీకు గాబట్టి" అన్నారు షావుకారు,
నా చేతిలో ఉన్న తాళాన్ని
నాకే అమ్ముతూ.

పదకొండేళ్ళుగా పగలంతా నా జేబులో,
రాత్రికి వాళ్ళ గోడ మేకుకి
వేలాడిన తాళం అది.

టెక్కలి నుంచి విశాఖ, విశాఖ నుంచి టెక్కలి.
మడపాం టోలు గేటు కుర్రాళ్ళకి
షావుకారి మొహం తెలీదు, నా మొహం తెలుసు.
మీటరు లక్షా పన్నెండు వేలంటుంది.
ఆ మీటరు ఒక సాయంత్రం వెనక్కి నడిచింది
గాజువాక షెడ్డులో,
నేను బయట టీ తాగుతుండగా.
క్లచ్చి పెడలుకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.
దాని రబ్బరు గీతలన్నీ అరిగి
నా ఎడమ చెప్పు ఆకారానికొచ్చింది.

తవిటినాయుడు బోనెట్టెత్తి
ఆయిలు చుక్క వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి,
చాలాసేపు ఏమీ అనలేదు.
మనిషి పోయాడని చెప్పాలా వద్దా అనుకునే డాక్టరులా.
"ఇంజినుకేటి, ఏనుగు.
టర్బో ఈలేస్తంది, ఇన్నావా?
ఇంజెక్టరు పోనాదంటే ఒక్కోటీ ఒక్కో దూడ ఖరీదు.
పాత డీజిలు బండి
కొన్నప్పుడు ఒకపాలి, ఉంచుకున్నప్పుడు రోజూ
డబ్బులడుగుద్ది బావూ."

తవిటినాయుడికి చెప్పనిది ఒకటుంది.
తిత్లీ రాత్రి క్వారీ పల్లంలో
సీట్ల దాకా నీళ్ళు.
నడుముకి తాడు కట్టుకుని దిగింది నేనే.
కార్పెట్టు పీకి మూడు రోజులు ఎండేసి
కర్పూరం బిళ్ళలు దాచిందీ నేనే.
ఇప్పటికీ వానకి ముందు
ఏసీ గొట్టంలోంచి చెరువు అడుగు వాసన.

"నీళ్ళు చూడని బండని చెప్పు" అన్నారు షావుకారు.
చెప్పాను.
సోంపేట నుంచొచ్చిన మేస్టారికి చెప్పాను,
పాతపట్నం విత్తనాల డీలరుకి చెప్పాను.
వాళ్ళు రంగు నచ్చక పోయారు.
మూడోవాణ్ణి నేనే వచ్చాను.
ఇప్పుడెవరు ఎవరికి చెప్పాలి?

గౌరీశ్వరి జీడిపప్పు ఒలుస్తోంది.
జీడి నూనెకి వేళ్ళ చివర్లు నల్లబడిపోయి
ఆధారు మిషను దగ్గర ముద్ర పడదు ఆవిడకి.
తలెత్తకుండానే అడిగింది:
"లీటరెంత?"
చెప్పాను.
"అయితే నాను నాలుగు కేజీలు ఒలిస్తే
నువ్వు నరసన్నపేట దాకా ఎల్తావు.
తిరిగి రావాలంటే?"

పాలాస చుట్టాల పెళ్ళికి
ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని
అద్దాలెత్తేసి వెళ్దామనుకున్న సంగతి
నోటిదాకా వచ్చి ఆగింది.

ఆదివారం తవిటినాయుణ్ణి తోలమని
నేను వెనకెక్కాను, నౌపడా ఉప్పుమళ్ళ వరకూ.
పదకొండేళ్ళూ ఆ సీటు తుడిచాను,
కూర్చోవడం అదే మొదలు.
ఎడమవైపు స్ప్రింగు విరిగి తొడకి గుచ్చుకుంటోంది.
ఏసీ గాలి సగం దారిలోనే అలిసిపోతోంది.
షావుకారు ఒక్కనాడూ అనలేదే!
ముందు సీటు సంచీలో
పళ్ళు కుట్టుకునే పుల్లలు, టోలు చీటీలు,
ఎప్పుడో పోయిందని
నా జీతంలో కోసిన కళ్ళజోడు.
కళ్ళెదుట తవిటినాయుడి మెడ,
కాలరు మీద చెమట గీత.
ఇన్నేళ్ళూ ఆయన చూసిన నేను ఇంతేనా?

తెల్లటి ఉప్పు గుట్టల పక్కన
బండి ఆపి దిగాం. ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఇంజిను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.
ఆ చప్పుడు నాకిష్టం. అదే వచ్చింది చిక్కు.

సాయంత్రం షావుకారి వరండాలో
కళ్ళజోడు బల్ల మీద పెట్టి
"నీళ్ళు చూసిన బండండి" అన్నాను,
లోపల వంటింట్లోకి వినబడేలా.
ఆయన చాలాసేపు చూసారు,
ఎవరో కొత్తవాడు గేటు తీసుకుని వచ్చినట్టు.
"అయితే నువ్వెంతంటావు?"

తాళం గోడ మేకుకి తగిలించి
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.