ఎంగిలితో కడిగిన ఉదయం

హీయుమా దీవిలో, చేపలవాళ్ల సంఘం గదిలో
ఎనభై ఏళ్లు పొయ్యి పైన వేలాడిన తైలచిత్రం
ఇప్పుడు నా బల్ల మీద వెల్లకిలా పడుకుంది.
గీసింది లెక్కల మాస్టారు.
సంతకం కింద కూడా, కూడిక ముగిసినట్టు, ఒక గీత.

పెద్ద దృశ్యమేం కాదు.
ఒక ఒడ్డు. మోకాలెత్తు రాళ్లు.
చచ్చిన నాచు, నల్లటి అంచులా.
అల అనడానికి మొహమాటపడే నీళ్లు.
ఆ సముద్రానికి ఆటుపోట్లు లేవు,
గిన్నెలో పాలు కదిలినట్టు కదులుతుంది, అంతే.
దూరంగా గోధుమ గింజంత పడవ.

ఊరంతా దీన్ని 'సాయంత్రం' అంటారు.
ఇత్తడి పలక మీదా అదే.
తేనెరంగు ఆకాశం, తేనెరంగు రాళ్లు, ఇల్లు చేరుతున్న పడవ.
పెళ్లిళ్లకి దీని కింద ఫోటోలు దిగారు.
ఎవరైనా నీళ్లలో పోయినప్పుడు
దీనికేసి చూస్తూ, మాట్లాడకుండా, కాఫీ తాగారు.

నా అలమర నిండా మందులే.
మసికి మాత్రం ఉమ్మిని మించింది లేదు.
పుల్లకి దూది చుట్టి నాలిక మీద తడిపి
గోరంత, గోరంత, గోరంత.
నల్లబడ్డ దూదులు సీసాలో పడుతున్నాయి.
మధ్యాహ్నానికి నోరెండిపోయి నిమ్మకాయ చీకాను.

మూడో రోజు ఆకాశంలో ఒక మూల
తేనె పోయి సీసపు రంగు బయటపడింది.
తప్పు చేశాననుకున్నాను.
దీపం దగ్గరికి లాగి చూశాను.
రాళ్ల నెత్తిన తెల్లగా, ఉప్పు చల్లినట్టు,
ఇంకా కరగని మంచు.
పడవ అంచు నీళ్లకి బాగా పైన ఉంది.
అందులో చేపలు లేవు.

అంటే అది వెళుతోంది.

వార్నిష్ కొనడానికి మాస్టారి దగ్గర డబ్బు లేదేమో.
ఆ పసుపంతా పైపుల పొగ, తడికట్టెల పొగ,
హెర్రింగులు కాల్చిన పొగ.
సాయంత్రాన్ని ఆయన గీయలేదు.
ఊరు ఊదింది.

మేటా రెండు బస్సులు మారి వచ్చింది. తొంభై ఒకటి.
ఆ పడవలో ఉన్నది తన తండ్రేనని
చిన్నప్పటినుంచీ ఆవిడ వాదన.
సంఘంలో ఇంకో నాలుగు కుటుంబాలదీ అదే వాదన.
కుర్చీ వేశాను. కూర్చోలేదు.
కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.
ఏడుస్తుందని రుమాలు సిద్ధంగా ఉంచాను.
తిడుతుందని ఇంకో పక్క మాటలు సిద్ధంగా ఉంచాను.

"అంత మంచులో
చేతి తొడుగులు మర్చిపోయే ఉంటాడు," అంది.
"ఎప్పుడూ అంతే."

ఆ తర్వాత బస్సు వేళ అడిగింది.

కింద కుడిమూల, సంతకానికి కాస్త ఎడంగా
బొటనవేలి గోరంత మేర కడక్కుండా వదిలేశాను.
మా పనిలో అది ఆనవాయితీ.
శుభ్రం చేసిన బిడ్డకి దిష్టిచుక్కలా
అక్కడ ఒక రాతి మీద ఇంకా సాయంత్రమే.

ఇత్తడి పలక సంగతి సంఘం తేల్చలేదు.
రెండు మీటింగులయ్యాయి.
ప్రస్తుతానికి మరలు ఊడదీసి
పలకని కాఫీ గిన్నెల పక్కన పెట్టారు.