మూడంగుళాల రాజు

అరండల్‌పేటలో పుస్తకాల కొట్టు వెనక గదికి
కిరాణా పట్టీలాగా చీటీ వచ్చేది నాకు:
"కొండవీటి ప్రభువు ఒకటి. మూడంగుళాలు.
మీసం ఉండాలి. రౌద్రం ఉండాలి.
సోమవారానికి అందాలి."

ఫిరంగిపురంలో బస్సు దిగి కొండెక్కాను.
రాతి మీద అన్నీ ఉన్నాయి.
దీపానికి ఎంత నెయ్యి, ఆ నెయ్యికి ఎన్ని గొర్రెలు,
ఏ వాగు దాకా ఎవరి పొలం,
దానం చెడగొట్టినవాడు ఏ పురుగై పుడతాడో కూడా ఉంది.
దానమిచ్చినవాడి ముక్కు ఎట్లా ఉండేదో లేదు.
మేకలు కాసే కుర్రాణ్ణి అడిగాను.
"రాజు మొహమా? కోతుల్నడుగు" అని
గులకరాయి విసిరాడు లోయలోకి.

అందుకని మిర్చి యార్డుకి పోయాను.

హమాలీ ఏసోబు టిక్కీల మీద కూర్చుని ఉన్నాడు.
మెలితిరిగిన మీసం, కాస్త వాలిన ఎడమ రెప్ప,
తలకి ఎర్ర తువ్వాలు.
రెండు టీలకి, ఒక బీడీకట్టకి బేరం కుదిరింది.
"కదలొద్దు" అన్నాను.
"రాజులు కదలరా?" అన్నాడు, పెదవులు మాత్రం కదిలించి.

చేతిలో బస్తాలు లాగే కొక్కెం. కత్తి చేశాను.
తువ్వాలు చోట కిరీటం.
బొత్తాల్లేని చొక్కా మీద మూడు పేటల ముత్యాలు.
నా సిరా, నా ఇష్టం.
ఇంతలో పక్క షెడ్డులో ఎవరో కాయలు కుమ్మరించారు.
ఘాటు వచ్చింది గాలిలో.
అతని కనుబొమలు ముడిపడ్డాయి,
ముక్కుపుటాలు అదిరాయి,
కళ్ళు నిప్పులయ్యాయి.
ఇదే, ఇదే నాయనా, అని
ఊపిరి బిగబట్టి గీసేశాను.

కొట్టాయన పొదుపరి.
రాజు కావలసినప్పుడల్లా ఆ బ్లాకే.
నలభై రెండో పేజీలో గెలిచినవాడు ఏసోబు,
నలభై ఏడో పేజీలో ఓడినవాడూ ఏసోబే,
ఒకడి మొహం ఇటు, ఇంకొకడి మొహం అటు.
వెనక అట్ట దగ్గర ఒక మంత్రి కూడా ఉన్నాడు,
కిరీటం గీకేసి తలపాగా చుట్టాను, పావలా ఎక్కువిచ్చారు.
పిల్లలు ముగ్గురికీ బాల్‌పెన్నుతో కళ్ళజోళ్ళు పెట్టారు.

పుస్తకం చూపిస్తే ఏసోబు
మొహం వంక చూడలేదు. ముత్యాలు లెక్కపెట్టాడు.
"ఇంత బరువేసుకుని గుర్రమెక్కేవాళ్ళా,
మెడలు పట్టేయవూ?"
నాకేం తెలుసు. మోత సంగతి అతనికే తెలియాలి.

మొన్న వానల్లో మార్తమ్మ వచ్చింది.
చెప్పులు గుమ్మం బయటే విడిచి,
కూర్చోమంటే కూర్చోకుండా,
"ఆయన పోయి నెల్లయింది మాస్టారూ.
రేషన్ కార్డులో ఉన్నది మచ్చ, మొహం కాదు.
ఇంట్లో ఒక్క ఫొటో లేదు.
మీ రాజు బొమ్మ ఉందంట గదా.
ఆ కిరీటం తీసేసి ఇవ్వండి."

తీసేశాను. ఎంతసేపు, ఒక బ్లేడు పని.
తీశాక చూస్తే కింద ఏమీ లేదు.
ముప్ఫై ఏళ్ళు ఎరుగుదును ఆ మనిషిని,
తల ఎప్పుడూ చూడలేదు.
తువ్వాలు ఉండేది, దాని మీద నేను బంగారం పెట్టాను.

"జుట్టు ఎట్లా ఉండేదమ్మా?"
ఆమె తన నడినెత్తి మీద వేళ్ళు పెట్టి చూపించింది.
"ఇక్కడ, రూపాయి బిళ్ళంత, నున్నగా.
బస్తా ఆనేది గదా.
చుట్టూ మటుకు ఒత్తుగానే ఉండేది."
ఆమె వేళ్ళు అక్కడే ఉంచింది, నేను గీసేదాకా.
కుండలాలు చెరిపితే చెవులకి రంధ్రాలు మిగిలాయి,
"కుట్టించలేదు" అంది. పూడ్చాను.
కత్తి మళ్ళీ కొక్కెం అయింది.
చొక్కాకి అడక్కుండానే బొత్తాలు పెట్టాను.

చాలాసేపు చూసింది.
"ఆయనే. కానీ ఇంత కోపం ఎరగడు."
"కోపం కాదమ్మా. తుమ్ము.
నేను కదలొద్దన్నానని ఆపుకున్నాడు."
నవ్విందో ఏడ్చిందో, కొంగు అడ్డమొచ్చింది.
"ఎంతసేపు ఆపుకున్నాడు పాపం?"

పదకొండు ముద్రణలు, అనబోయి ఊరుకున్నాను.

బొమ్మని పాలిథిన్ సంచిలో పెట్టి,
తడవకుండా మూతి రెండు మడతలు వేసి,
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"ఆ ముత్యాలు, మాస్టారూ,
ఒక్క పేట ఉంచాల్సింది."