తిరిగొచ్చిన సామాను

ప్రశ్నలు పదహారు.
పత్రిక చివరి పేజీలో, పెన్సిలుతో టిక్కు పెట్టాల్సినవి.
మీకు నచ్చేది గాజా, చెక్కా, ఉక్కా?
ఆదివారం పొద్దున మీ మనసుది ఏ రంగు?
నటేలా అన్నిటికీ పెట్టింది. లెక్కేస్తే
అది నాలుగు, ఇది నాలుగు, ఇంకోటి నాలుగు, మిగిలిందీ నాలుగే.
"గుగులీ, నాకసలు శైలే లేదట" అంది
నా గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసి,
రక్తపరీక్ష కాగితం చూపించినట్టు.

తిబిలిసీ చివర గ్ల్దానిలో మా ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినవే.
కళ్ళకు గంతలు కట్టి ఏ తలుపులోకి తోసినా
కుడిచేతికి వంటిల్లు, ఎడమచేతికి స్విచ్చు.
ఎనిమిదో అంతస్తు. లిఫ్టుకి నాణెం వెయ్యాలి,
వేసినా అది ఆలోచించుకుని గానీ కదలదు.
ఆ ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్ళు
అత్తగారి బీరువాకి మైనం రుద్దింది,
ఆడపడుచు వదిలేసిపోయిన సోఫాకి గలీబులు కుట్టింది,
మొగుడు గెలిచిన చదరంగం కప్పుల దుమ్ము దులిపింది,
ఆయన పోయాక కూడా.
"ఎవరింట్లోనో పనికి కుదిరినట్టుండేది" అంటుంది.
"జీతం రాదు, అంతే తేడా."

అక్క కొడుకు సాబా ఇళ్ళు తీర్చడం చదువుకున్నాడు.
రంగు అట్టముక్కల గుత్తి తెచ్చాడు, తాళంచెవుల్లాగా.
"ముందు నీకేం కావాలో చెప్పు పిన్నీ."
"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానురా!"

ఆ రాత్రి ఏం తోచిందో,
తెల్లారేసరికి ఇద్దరు కూలీలు, తాళ్ళు, కేకలు.
సామానంతా నా వసారాలోకి, నా వంటింట్లోకి, నా మంచం కిందికి.
"ఒక్క మాట అడగొచ్చుగా" అన్నాను.
"అడిగితే వద్దంటావుగా" అంది.

ఇక రోజుకి ఒక్కటే.
ఏది లేక చెయ్యి గాలిలో ఆగిపోతుందో
అదే తీసుకెళ్ళాలి. నియమం ఆమెదే.

మొదటి రోజు కెటిల్. అది నేనైనా చెప్పేదాన్ని.
రెండో రోజు పీట,
బూట్లు విప్పుకోవడానికి కూచునేది, ఒక కాలు పొట్టిది.
మూడో రోజు తలుపు చప్పుడు లేదు.
నాలుగో రోజూ లేదు. ఐదో రోజు నేనే వెళ్ళి చూశాను.
గోడకి వీపు ఆనించి నేలమీద కూచుని
ఎండ గదిలో ఎందాకా వస్తోందో
గంట గంటకీ సుద్దముక్కతో గీత గీస్తోంది.
"ఇన్నేళ్ళూ బీరువా తాగేసింది దీన్ని."

ఆ తర్వాత అడిగింది చూసి నా మతిపోయింది.
పచ్చ గాజు దీపం!
పెళ్ళైన వారం నుంచీ ఆమే తిట్టిపోసినది,
అంచు పగిలి జిగురుతో అతికినది,
వెలిగిస్తే మనిషి మొహం జ్వరం తగిలినట్టుంటుంది.
"ఇదెందుకే?"
"ఏమో. బల్బు వెలుతురు నన్నేదో నిలదీస్తున్నట్టుంది."

తివాచీ వచ్చింది, బోర్లా పరుచుకుంది.
పైకి తేలిన ముళ్ళు, అక్కడక్కడా నేతగత్తె తప్పు సర్దుకున్న చోట్లు.
గోడకాగితం గీకుతుంటే అడుగున
మూడు పాత కాగితాలు, బంక మరకలు.
అక్కడితో ఆపెయ్యమంది. సాబా తల పట్టుకున్నాడు.
"దీన్ని ఏ శైలి అని రాసుకోను పిన్నీ?"

ఆమె సూది చూపించినట్టు వేలెత్తింది.
నాటకశాలలో రాజుల అంగీలకి
ఎవరూ చూడని లోపలి గుడ్డ కుట్టిన వేలు అది.
"అస్తరు అని రాసుకో."

నవంబరులో ఒకసారి మళ్ళీ తలుపు కొట్టింది.
చదరంగం కప్పుల్లో ఒకటి, చిన్నది, మూడో బహుమతిది,
చెంచాలు వేసుకోవడానికట.
నేనేమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

బీరువా ఇంకా నా వసారాలోనే ఉంది,
దాన్ని రాసుకుంటూ పక్కకి తిరిగి నడుస్తున్నాను.
సోఫా మాట మాత్రం ఆమెకి గుర్తుచెయ్యను.
మధ్యాహ్నాలు దానిమీదే నిద్రపోతున్నాను,
ఇన్నేళ్ళ నా సొంత మంచం మీద
ఎన్నడూ రాని నిద్ర.