చేతిలో ఒకటి

తుఫానుకు బడికి మూడు రోజులు సెలవిచ్చారు.
పొదలకూరు యార్డుకీ సెలవే.
మొన్న కోసిన నిమ్మకాయలు, రెండు గోతాలు,
వసారాలో కూర్చోనుండాయి
బేరమాడే వాడు లేక.

కరెంటు పోకముందు సారు ఫోన్లో పెట్టాడు:
ఇంట్లో ఉండే వస్తువులతోనే
పిలకాయల చేత లెక్కలు చేయించండమ్మా,
రంగు కాగితాలు, గుండీలు, పూసలు, కత్తెర...
పూర్తిగా చదివేలోపే ఫోను కన్ను మూసింది.
మా ఇంట్లో గుండీలన్నీ చొక్కాలకే ఉండాయి,
అవీ చాల్లేదు.

సరేలెమ్మని గోతం మూతి విప్పినా.

పెంచలసాయి నాలుగో తరగతి, కామాక్షి ఒకటి.
కళ్ళు మూసుకోవాల, కాయను అరచేతిలో పెట్టించుకోవాల,
పెద్దదా, నడిమిదా, గోలీనా చెప్పాల.
పదేళ్ళుగా నేను కూలికి చేసే పని అదే,
ఆటగా ఒక్కరోజన్నా ఆడలా.
కామాక్షి అన్నిటినీ గోలీ అనింది.
గోలీలు తనవంట, ఎవరు చెప్పారో.

పది కాయలకో కుప్ప, పది కుప్పలకో చేట.
వాడు చేట పైకెత్తి
"నూరంటే ఇంత బరువా అమ్మా" అన్నాడు.
పుస్తకంలో నూరు ఏనాడూ తూగినట్టు లేదు.

చూరు కింద బక్కెట్టు నిండింది.
అందులో వేస్తే కొన్ని తేలాయి, కొన్ని మునిగాయి.
ఎందుకమ్మా?
రసముండేది మునుగుతుందిరా, అన్నా.
కోసి పిండి చూశారు.
ఒక కాయ అవునంది, ఇంకో కాయ కాదంది.
ఎందుకమ్మా?
నాకు తెలీదబ్బయ్యా, సారునడుగు,
అడిగి నాక్కూడా చెప్పు.

ఒక్క బిస్కెట్టును ముగ్గురికి సమంగా చేసేదెట్టా అని
ఒక పూటంతా పోయింది.
దారం పెట్టి కొలిచి, గీత గీసి, పోట్లాడి లేచేలోపు
చీమలు పంచుకునేశాయి.

రెండో రాత్రి
పిండిన రసం గిన్నెలో ఉండాది, పారబోయడానికి మనసొప్పలా.
అగ్గిపుల్ల ముంచి ఇద్దరూ రాస్తాండారు
కాగితాల్లేక మండీ చీటీల వెనకాల.
రాసింది కనపడదు, తడే కనపడతాది.
ఆరినాక వేడి పెనానికి దగ్గరగా పట్టుకోవాలంట.
పట్టుకున్నా, వేళ్ళు చురుక్కుమంటున్నా.
దోసె అంచు రంగులో
కామాక్షి 'క' మెల్లిగా తేలింది, తలకట్టు లేకుండా.
వాడిది తేలింది:
అమ్మా వంద తక్కువ.

ఏందిరా ఇది?
చీటీ ఇటు తిప్పి చూపించాడు.
ఆరొందల నలభై, ఏడొందల ఎనభై అయిదు, అయిదొందల ఇరవై.
గుమాస్తా కింద గీత గీసి వేసింది
పద్దెనిమిదొందల నలభై అయిదు.
వాడు వసారాలో కుప్పలు పోసి చూసుండాడు,
కాయకు పది లెక్కన, అయిదుకు అర చెక్క.
"నాలుగూ ఎనిమిదీ రెండూ పద్నాలుగు,
నాలుగేసి, చేతిలో ఒకటి.
ఆ ఒకటి ఆయన చేతిలోనే ఉండిపోయిందమ్మా!"

పిలకాయలు నవ్వుతాండారు. నాకు వెంటనే నవ్వు రాలా.
కౌలు చెట్లు పట్టి మూడేళ్ళు.
ఎన్ని చీటీలు పొయ్యిలో వేసి అంటించుకున్నానో,
ఎన్ని ఒకట్లు వాటితో పాటు కాలిపోయాయో.
తర్వాత పెనం మీద నా చీర కొంగు మాడు వాసనొచ్చి
అప్పుడు నవ్వినా.

నాలుగో రోజు తెరిపిచ్చింది.
గోతాలతో పాటు చీటీ కూడా యార్డుకు తీసుకుపోయినా.
గుమాస్తా వెనక మాడిన అక్షరాలు చదివాడు,
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు,
కళ్ళజోడు నుదుటికెక్కించి వేళ్ళ మీద మళ్ళీ కూడాడు.
రెండుసార్లు.

"ఎవరేశారమ్మా ఈ లెక్క?"
"రెండొందల నిమ్మకాయలేశాయి సామీ."

వంద నోటు తీసిచ్చాడు, తడిసిందే.
వచ్చే దోవలో రంగు కాగితాలొక కట్ట కొన్నా, ఒక కత్తెర కొన్నా.
అంగడాయన ఇచ్చిన చిల్లర
లెక్కపెట్టకుండానే గుప్పిట్లో పట్టుకొస్తాండా.
ఇంటికి పోయినాక
సరిగ్గా ఉండాదో లేదో
వాడు చెప్తాడు.